న్యూ నెదర్లాండ్ కాలపు డచ్ కుటుంబం వంశవృక్షం ఎలా వెతకాలి? ఇంటిపేరు కన్నా సాక్షుల పేర్లు ఎక్కువ చెబుతాయి

మీ అల్లుడిగారి నానమ్మ “మావాళ్ళు 1600లలోనే హాలండ్ నుంచి వచ్చారు” అన్నారనీ, మనవరాలి కోసం ఆ వంశవృక్షం రాద్దామని కూర్చుంటే ఒక వెబ్‌సైట్‌లో అది ఐరోపా రాజవంశం దాకా వెళ్ళిందనీ రాశారు. దాన్ని నమ్మవచ్చా, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి అని మీ ప్రశ్న. మా అత్తగారి పుట్టింటివారు కూడా అలాంటి కుటుంబమే, అంటే న్యూ నెదర్లాండ్ (నేటి న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతాల్లో 17వ శతాబ్దంలో ఉన్న డచ్ వలస) కాలంలో వచ్చినవాళ్ళు. లాంగ్ ఐలాండ్‌లో దిగి, రెండు తరాల తర్వాత న్యూజెర్సీ సోమర్సెట్ కౌంటీకి వచ్చి వ్యవసాయం చేసుకున్నవాళ్ళు. ఆవిడ దగ్గరున్న పాత బైబిల్, పెట్టెలోని కాగితాలు చూశాక ఈ పని నేనే ఎత్తుకున్నాను. కాబట్టి నాకు అనుభవంలోకి వచ్చినవే చెబుతాను.

ముందు రాజవంశం సంగతి. నమ్మకండి. ఈ కుటుంబాల మీద 19వ శతాబ్దంలో అచ్చయిన పుస్తకాల్లో చాలావాటికి గొప్ప పూర్వీకులను తగిలించే అలవాటుంది. యోరిస్ రాపెల్యే, కాటలీనా ట్రికో దంపతుల కథే చూడండి. 1624లో మొదటి వలసదారులతో వచ్చారు. వాళ్ళ కూతురు సారా 1625లో పుట్టింది. న్యూ నెదర్లాండ్‌లో పుట్టిన మొదటి యూరోపియన్ ఆడపిల్ల ఆమేనంటారు. పాత పుస్తకాలు యోరిస్‌ని ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతపు ప్రభువుల వంశంలో కలిపేశాయి. తర్వాత ఆమ్‌స్టర్‌డామ్ పెళ్ళి రికార్డు బయటపడింది. 1624 జనవరిలో నమోదైన ఆ రికార్డు ప్రకారం అతను బట్టలు నేసే కుర్రాడు, 19 ఏళ్ళు. ఆమెకి 18. సంతకం రాక గుర్తు పెట్టారు. పెళ్ళయిన కొద్ది రోజులకే ఓడెక్కారు. నన్నడిగితే ప్రభువుల కథ కన్నా ఇదే గొప్ప కథ. పైగా ఇది నిజం.

అన్నెకె యాన్స్ పేరు కూడా మీకు తప్పకుండా ఎదురవుతుంది. ఆవిడ ఆరెంజ్ రాజు మనవరాలని, మాన్‌హటన్‌లో ట్రినిటీ చర్చి చేతికి వెళ్ళిన సుమారు 62 ఎకరాలు ఆమె వారసులకు చెందాలని కథలు అల్లారు. ఆ కథలు నమ్మి తరతరాలుగా కోర్టులకెక్కినవాళ్ళున్నారు. “వారసుల సంఘం” పేరుతో చందాలు పోగుచేసి మోసం చేసినవాళ్ళూ ఉన్నారు. నిజానికి ఆవిడ నార్వే తీరంలోని ఫ్లెక్కెరోయ్ దీవి నుంచి వచ్చిన మామూలు కుటుంబపు మనిషి. డచ్ వలస అనగానే అందరూ డచ్‌వాళ్ళే అనుకుంటాం. కానీ న్యూ నెదర్లాండ్‌కి వచ్చినవాళ్ళలో వాలూన్లు (నేటి బెల్జియం దక్షిణ ప్రాంతపు ఫ్రెంచ్ భాషీయులు), జర్మన్లు, నార్వే, డెన్మార్క్‌వాళ్ళు చాలామందే ఉన్నారు. మీ వెతుకులాట చివరికి నెదర్లాండ్స్‌లో తేలకపోతే ఆశ్చర్యపడకండి.

ఇక మొదలుపెట్టడం. ఓడ దిగిన మనిషి దగ్గర మొదలుపెట్టి కిందికి రాకండి. మీ అల్లుడిగారి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్ళండి. ఫలానావాడు ఫలానావాళ్ళ కొడుకు అని చెప్పే కాగితం చేతికి దొరికాకే పై మెట్టు ఎక్కండి. 1850 అమెరికా సెన్సస్ దాకా ఇది తేలికే. ఇంట్లో ఉన్న అందరి పేర్లూ (బానిసలవి తప్ప) మొదటిసారి రాసింది ఆ సెన్సస్‌లోనే. అంతకు ముందు వాటిలో ఇంటి పెద్ద పేరొక్కటే రాసి, మిగిలినవాళ్ళను వయసుల వారీగా లెక్క మాత్రమే కట్టేవారు. న్యూజెర్సీ అయితే ఇంకా కష్టం. 1790 నుంచి 1820 దాకా జరిగిన సెన్సస్ కాగితాలు దాదాపు అన్నీ పోయాయి. ఊరూపేరూ అతకని వంశవృక్షాలు ఎక్కువగా ఈ ఖాళీలోనే పుడతాయి. ఒకే పేరున్న ఎవరినో తెచ్చి మధ్యలో అతికించేస్తారు.

ఆ ఖాళీని మాకు నింపినవి మూడు. మొదటిది అమెరికా విప్లవ యుద్ధపు పెన్షన్ ఫైళ్ళు. సైనికుడి భార్య వితంతు పెన్షన్ అడగాలంటే పెళ్ళిని రుజువు చేయాలి. చాలామంది ఇంటి బైబిల్లోంచి పుట్టినరోజుల పేజీని చింపి ప్రభుత్వానికి పంపేశారు. అవి ఆ ఫైళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. మా అత్తగారి బైబిల్లో లేని తరం వివరాలు అలాంటి ఒక ఫైల్లో దొరికాయి. ఆవిడ ఫోన్లో ఆ పేజీని పెద్దది చేసి, ఒక్కో పేరూ పైకి చదివారు. రెండోది వీలునామాలు, భూమి దస్తావేజులు. న్యూజెర్సీవి ట్రెంటన్‌లోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో 2024 నుంచి చేతిరాత దస్తావేజుల లోపలి మాటలను కూడా వెతకగలుగుతున్నాం. ఖర్చు లేదు. ఇదివరకు రోజుల తరబడి మైక్రోఫిల్మ్ రీళ్ళు తిప్పాల్సిన పని ఇప్పుడు నిమిషాల్లో అవుతోంది.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, చర్చి పుస్తకం. డచ్ రిఫార్మ్‌డ్ చర్చి రికార్డులు లేకపోతే ఈ కుటుంబాల చరిత్రే లేదు. న్యూ ఆమ్‌స్టర్‌డామ్ (నేటి న్యూయార్క్ నగరం) చర్చి బాప్తిజాలు, పెళ్ళిళ్ళు 1639 నుంచి, కింగ్‌స్టన్‌వి 1660 నుంచి, ఆల్బనీ బాప్తిజాలు 1683 నుంచి, సోమర్సెట్ వైపు రారిటన్ చర్చివి 1699 నుంచి మిగిలాయి. చాలావరకు అచ్చయ్యాయి, స్కాన్లు కూడా ఉన్నాయి. బ్రిటిష్‌వాళ్ళు 1664లో కాలనీని తీసుకున్నాక కూడా ఈ చర్చిలు వందేళ్ళకు పైగా డచ్‌లోనే రాసుకున్నాయి. భాష రాదని కంగారుపడకండి. పేరు, తేదీ, తండ్రి, తల్లి, సాక్షులు... దాదాపు ప్రతి నమోదులోనూ ఉండేవి ఇవే. రెండు పేజీలు చూసేసరికి అలవాటైపోతుంది.

ఇక్కడ చాలామందిని ఆపేసేది ఇంటిపేరు. మొదటి వలసదారుల్లో ఎక్కువమందికి స్థిరమైన ఇంటిపేరు లేదు. తండ్రి పేరునే పక్కన పెట్టుకునేవారు. తండ్రి యాన్ అయితే కొడుకు యాన్సెన్. ఆ కొడుకు పేరు పీటర్ అయితే మనవడు పీటర్సెన్. బ్రిటిష్ పాలన వచ్చాక మెల్లగా ఇంటిపేర్లు కుదిరాయి. అదీ ఒక ఇంటి అన్నదమ్ములకు ఒకే రకంగా కాదు. వూర్హీస్ కుటుంబం మంచి ఉదాహరణ. స్టీవెన్ కూర్టే 1660లో ‘బోంటె కూ’ అనే ఓడలో భార్యాపిల్లలతో నెదర్లాండ్స్‌లోని డ్రెంటె ప్రాంతం నుంచి వచ్చి లాంగ్ ఐలాండ్‌లోని ఫ్లాట్‌లాండ్స్‌లో స్థిరపడ్డాడు. ఆయన కొడుకులు చాలా చోట్ల స్టీవెన్సే అన్న పేరుతోనే కనిపిస్తారు. వాళ్ళ పాత ఊరు హేస్ పేరు మీద వచ్చిన వాన్ వూర్హీస్ తర్వాతి తరాల్లో నిలిచి, వూర్హీస్, వూర్హిస్ అని రకరకాల స్పెల్లింగులుగా చీలింది. ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు కొత్త కాదు కాబట్టి మీరు దీన్ని త్వరగానే పట్టేస్తారు. కానీ కంప్యూటర్‌కి ఒక స్పెల్లింగ్ ఇచ్చి వెతికితే సగం మంది దొరకరు.

అందుకే నేను ఇంటిపేరును పక్కన పెట్టి సాక్షుల వెంట వెళతాను. బాప్తిజానికి సాక్షులుగా నిలబడేది ఎక్కువగా తాతలు, నానమ్మలు, మేనమామలు, పిన్నులే. పిల్లలకు తాతల, అమ్మమ్మల పేర్లు పెట్టే ఆనవాయితీ కూడా గట్టిది. అన్నిటికన్నా మేలు ఏమిటంటే, డచ్ రికార్డుల్లో తల్లి ఎక్కువగా తన పుట్టింటి పేరుతోనే ఉంటుంది. ఇంగ్లిష్ రికార్డుల్లో పెళ్ళయిన ఆడమనిషి భర్త పేరు వెనక మాయమైపోతుంది. ఇక్కడ అలా జరగడం తక్కువ. పెళ్ళి నమోదులో వరుడు, వధువు ఎక్కడివాళ్ళో, ఇదివరకు పెళ్ళయిందో లేదో కూడా రాస్తారు.

మా చిక్కు ఇలాగే విడింది. ఒకే చర్చి పరిధిలో, ఒకే పదేళ్ళలో, యాన్ పేరుతో ఇద్దరున్నారు, వాళ్ళు అన్నదమ్ముల పిల్లలు. ఇంటిపేరూ ఒకటే. మా అత్తగారి వంశం వాళ్ళలో ఎవరిది? ఆన్‌లైన్ వృక్షాలన్నీ ఒక యాన్‌నే చూపిస్తున్నాయి, ఆధారం ఏ ఒక్కదానిలోనూ లేదు. నేను ఇద్దరి పిల్లల బాప్తిజాలనూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి సాక్షులను చూశాను. మావాళ్ళ పెద్దమ్మాయికి సాక్షిగా ఉన్న దంపతులు ఎవరో ముందు అర్థం కాలేదు. తర్వాత ట్రెంటన్‌లోని ఒక వీలునామాలో ఆ భర్తే తన కూతురికీ అల్లుడికీ పొలం రాశాడు. ఆ అల్లుడు రెండో యాన్. అంటే అందరూ కాపీ కొట్టుకున్న వృక్షంలో ఒక తరం పూర్తిగా వేరే వాళ్ళది. మీరు చూసిన సైట్‌లో ఎంతమంది ఒకే మాట రాశారన్నది లెక్క కాదు. వందమంది ఒకరిని చూసి ఒకరు రాస్తే అది ఒక్క మాటే.

వీలునామాలు చదివేటప్పుడు ఇంకొకటి కూడా చూస్తారు, సిద్ధంగా ఉండండి. ఈ డచ్ రైతు కుటుంబాల్లో చాలామందికి బానిసలుండేవారు. గుర్రం, బండి, మంచం, ఆ పక్కనే ఒక మనిషి పేరు, ఒక వెల. మా అత్తగారి వంశంలోనూ అలాంటి కాగితం ఉంది. నేను ఆ పేర్లను కూడా తేదీ, కాగితం నంబరుతో సహా వంశవృక్షం ఫైల్లో రాసిపెట్టాను. మీరూ రాయండి. ఆ మనుషుల వారసులు ఇవాళ వెతుకుతుంటే, వాళ్ళకు దారి చూపేది తరచుగా యజమాని కాగితమే. న్యూజెర్సీలో 1804 చట్టం తర్వాత బానిస తల్లులకు పుట్టిన పిల్లలను కౌంటీలో నమోదు చేయించాల్సి వచ్చింది. ఆ పుస్తకాలు కూడా చూడదగ్గవి. న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లోనే 1644లో షరతులతో విడుదల పొందిన నల్లజాతి కుటుంబాలున్నాయి. డచ్ కాలపు వంశ చరిత్ర అంటే వాళ్ళది కూడా.

లాంగ్ ఐలాండ్ తరానికి చేరుకున్నాక ఒక మంచి కాగితం ఉంది. 1687లో కింగ్స్ కౌంటీ, అంటే నేటి బ్రూక్లిన్, మగవాళ్ళందరి చేతా రాజుకు విధేయత ప్రమాణం చేయించారు. ఆ జాబితాలో పేరు పక్కన దేశంలో ఎన్నేళ్ళుగా ఉన్నాడో, లేదా ఇక్కడే పుట్టాడో రాశారు. 1660లో వచ్చినవాళ్ళ పక్కన 27 ఏళ్ళని ఉంటుంది. అక్కడి నుంచి ఓడ ఏ ఏడాదిదో పట్టుకోవచ్చు.

ప్రయాణికుల జాబితాలంటారా, 1654–1664 మధ్య ఓడ ఛార్జీ బాకీల లెక్కల పుస్తకం నుంచి తీసిన జాబితా ఒకటి ఉంది. అంతకు ముందువి చాలా తక్కువ. ఇక్కడ మీరు అడిగిన భీమిలి ప్రస్తావన. భీమిలిలో డచ్ సమాధులున్నాయి కదా, న్యూ నెదర్లాండ్‌ను నడిపిందీ అదే డచ్ కంపెనీయా అన్నారు. కాదు. మచిలీపట్నం, భీమిలి వైపు వచ్చింది 1602లో పుట్టిన తూర్పు ఇండియా కంపెనీ. దాని కాగితాలు హేగ్‌లో కొండలా ఉన్నాయి. న్యూ నెదర్లాండ్‌ను నడిపింది 1621లో పుట్టిన పశ్చిమ ఇండియా కంపెనీ. దాని పాత దస్తావేజుల్లో చాలా భాగాన్ని 1821లో చిత్తు కాగితాల కింద అమ్మేశారు. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మిగిలింది కాలనీలోనే ఉండిపోయిన ప్రభుత్వ కాగితాలు, సుమారు 12,000 పేజీలు. 1911లో ఆల్బనీలోని స్టేట్ లైబ్రరీ కాలిపోయినప్పుడు వాటికీ అంచులు కాలాయి, నీళ్ళకు తడిశాయి. 1974 నుంచి చార్లెస్ గెరింగ్ వాటిని ఇంగ్లిష్‌లోకి అనువదిస్తూ వచ్చారు. ఆ సంపుటాలు న్యూ నెదర్లాండ్ ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పక్కింటివాడి పంది తోటలో పడిందన్న కోర్టు గొడవలో కూడా మీ మనిషి వయసో, సొంత ఊరో దొరకవచ్చు.

డీఎన్ఏ పరీక్ష గురించి ఒక్క మాట. పది తరాల వెనకటి పూర్వీకుడి కోసం మామూలు పరీక్ష పెద్దగా పనికిరాదు. పైగా ఈ కుటుంబాలు తమలో తామే ఎన్నోసార్లు వియ్యమందుకున్నాయి కాబట్టి బంధుత్వాలన్నీ ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తాయి. తండ్రి నుంచి కొడుక్కి నేరుగా వచ్చే వై-డీఎన్ఏ మాత్రం ఇంటిపేరు శాఖలను పోల్చడానికి పనికొస్తుంది.

సముద్రం దాటే పని ఆఖరున పెట్టుకోండి. ఊరు పేరు తెలియకుండా నెదర్లాండ్స్ రికార్డుల్లో యాన్సెన్ అని వెతకడం వృథా. ఊరు తెలిస్తే నెదర్లాండ్స్ రికార్డులు వెతికే ఓపెన్ ఆర్కైవ్స్ సైట్‌లో, పెళ్ళి ఆమ్‌స్టర్‌డామ్‌లో అయి ఉంటే ఆ నగర ఆర్కైవ్స్ సూచికలో చూడండి. డ్రెంటె మనుషులైతే అస్సెన్‌లోని ఆర్కైవ్స్. తేదీలతో జాగ్రత్త. హాలండ్ రాష్ట్రం కొత్త (ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్) క్యాలెండర్‌కి 1580లలోనే మారింది, డ్రెంటె 1700 తర్వాత మారింది, బ్రిటిష్ కాలనీలు 1752లో. పది, పదకొండు రోజుల తేడా కనిపిస్తే మనిషి వేరని కొట్టేయకండి.

ఇప్పటికి మీరు చేయాల్సింది: ఆ నానమ్మగారి దగ్గర కూర్చుని ఆవిడ తాతల పేర్లు, వాళ్ళు ఏ కౌంటీలో ఉండేవారు, ఏ చర్చి సమాధుల్లో ఉన్నారు అని అడిగి రికార్డు చేసుకోండి. సోమర్సెట్, మిడిల్‌సెక్స్, బెర్గెన్ కౌంటీల్లో ఏదైనా చెబితే ఏ చర్చి పుస్తకం ముందు చూడాలో నేను చెప్పగలను. కెంటకీ అన్నా వదలకండి. న్యూజెర్సీ డచ్ కుటుంబాలు కొన్ని పెన్సిల్వేనియాలోని కోనెవాగో మీదుగా అక్కడికే వెళ్ళాయి.