కారవాన్ మొత్తం బరువు సరే, వెనక ఇరుసు మీద ఎంతుందో చూశారా?

వ్యాన్‌ని కారవాన్‌గా కట్టించుకున్నాం, పిల్లలతో అరకు వెళ్తున్నాం, సామాను ఎంతవరకు వేసుకోవచ్చు అని అడిగారు. ఆర్‌సీలో లాడెన్ వెయిట్ (మనుషులు, సామాను అన్నీ కలిపి బండి ఉండదగ్గ మొత్తం బరువు) దాటకపోతే చాలని అందరూ చెప్తారు. అది సగం జవాబే. నరసన్నపేట దగ్గర రైసుమిల్లు కాటా చూసేది నేనే కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

దసరా ముందు ఇలాంటి బండే ఒకటి మా కాటాకి వచ్చింది. "మామయ్యా, ఇదేమైనా ధాన్యం లోడా, తూకం ఎందుకు?" అని అల్లుడుగారు విసుక్కుంటున్నారు. మామగారు పాత లారీ డ్రైవరు. "ఏటి పోయింది బాబూ, ఎక్కించీ" అన్నారు. మనుషులు దిగబోతుంటే వద్దన్నాను. ప్రయాణంలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో అక్కడే కూర్చోవాలి, లేకపోతే ఆ తూకానికి అర్థం లేదు.

మొత్తం 3,240 కిలోలు. ఆర్‌సీలో 3,300. అల్లుడుగారు ఇంక వెళ్దామన్నారు. నేను బండిని వెనక్కి తీయించి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి చూశాను: 1,330. అంటే వెనక 1,910. టైరు పక్కన సైజు తర్వాత 104 అని ఉంది, అంటే ఒక్కో టైరు మోసేది 900 కిలోలు. వెనక ఉన్నవి రెండే టైర్లు. 1,800 మోయాల్సిన చోట 1,910!

కారణం డిక్కీ తెరవగానే కనబడింది. 150 లీటర్ల నీళ్ల ట్యాంకు వెనక ఇరుసు కూడా దాటి చివర బిగించారు. అక్కడే నీళ్లన్నీ వదిలించి మళ్లీ తూచాం. తగ్గింది 150 కిలోలే అయినా వెనక ఇరుసు మీద 200 తగ్గి, ముందు 50 పెరిగింది. కావడికి ఒక వైపే బరువు వేస్తే రెండోది లేచినట్టు, ఇరుసు వెనక వేసిన బరువు బండి ముందు భాగాన్ని ఎత్తేస్తుంది. ఘాట్‌లో మలుపు తిప్పేటప్పుడు స్టీరింగ్ తేలిపోయేది అందుకే.

ఈ కట్టే షెడ్ల మీద నాకు చాలా కోపం. మందపాటి ప్లైవుడ్ అల్మారాలు, పైన క్యారియరు, ఏది ఎంత బరువో ఒక్కరూ రాసివ్వరు. వంటగట్టుకి టెక్కలి గ్రానైట్ పలక వేసిన బండి కూడా చూశాను. చదరపు మీటరుకే 50 కిలోల దాకా ఉంటుంది, వ్యాన్‌లో ఎందుకండీ అది? మార్పులు చేశాక ఆర్టీఓ దగ్గర ఆమోదం తీసుకుని ఆర్‌సీలో ఎక్కించాలని కూడా చెప్పరు.

మీ సంగతికొస్తే, సామానంతా సర్ది, డీజిల్ నింపి, అందరూ ఎక్కాక కాటాకి వెళ్లండి. నిండు గ్యాస్ సిలిండరే 30 కిలోలుంటుంది, ఇన్వర్టర్ బ్యాటరీ 50 దాటుతుంది. ఇలాంటి బరువులన్నీ కిందనే, రెండు ఇరుసుల మధ్య, కుడీ ఎడమా సమంగా గట్టిగా కట్టేయాలి. పైన క్యారియరు మీద దుప్పట్లు, బట్టలు తప్ప ఏవీ వద్దు. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉండాలి, తక్కువుంటే టైరు ఆ 900 కూడా మోయలేదు. ట్యాంకు ఖాళీగానే ఎస్.కోట (శృంగవరపుకోట) దాటి ఘాట్ ఎక్కండి, నీళ్లు అరకులో దొరుకుతాయి. ఘాట్ దిగే ముందు ఆ నీళ్లు మళ్లీ వదిలేసి, ఎక్కిన గేరులోనే దిగండి. బరువు బండికి కిందికి దిగేటప్పుడే బ్రేకులు కాలిపోయేది.