మెదడువాపుకి టీకా ఉండగానే కొత్తవి ఎందుకు తయారుచేశారు?

పాత టీకా పనిచేయక కాదు, దాని తయారీ పద్ధతి వల్లే జపనీస్ మెదడువాపుకి కొత్త టీకాలు అవసరమయ్యాయి. అప్పట్లో వైరస్‌ని ఎలుకల మెదడులో పెంచి, చంపి, శుద్ధి చేసేవారు. బోలెడన్ని ఎలుకలు కావాలి, పైగా అలర్జీల టెన్షన్. ఇప్పుడు ల్యాబ్‌లో పెంచిన కణాల్లోనే వైరస్‌ని పెంచుతున్నారు. 2013లో హైదరాబాద్ నుంచి వచ్చిన జెన్‌వాక్ టీకా అలాంటిదే. దానికి వాడిన వైరస్ కర్ణాటకలోని కోలారులో ఒక రోగి నుంచి తీసినది.

టీకా ఏదైనా సరే, శ్రీకాకుళంలో ఒక తల్లి "ఊళ్లో అందరికీ వేశారు, ఇక మా పాపకెందుకు?" అనుకుంటే అది ప్రమాదకరమైన పొరపాటు. ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి అంటదు. పందుల్లో, కొంగల్లో ఉండే వైరస్‌ని వరిమడి నీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమ మోసుకొస్తుంది. పక్కింటి పిల్లాడి టీకా మీ పాపని కాపాడదు.