లౌడ్‌గా చేసిన పాట స్పాటిఫైలో ఎందుకు చప్పబడుతోంది?

ప్రశ్న: ఇంట్లో లాప్‌టాప్ మీద పాటలు మిక్స్ చేస్తుంటాను. మాస్టరింగ్ (విడుదలకు ముందు పాటకు చివరి మెరుగులు దిద్దే పని) ఇంజినీర్‌గా స్థిరపడాలని ఉంది. లిమిటర్ (ధ్వని ఒక హద్దు దాటకుండా అణిచే టూల్)తో బాగా లౌడ్‌గా చేసిన పాట కూడా స్పాటిఫైలో మిగతా పాటల పక్కన చప్పగా ఉంటోంది. ఏ ప్లగిన్ కొనాలి? ఏఐ వచ్చాక ఈ పనికి భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: ఇప్పుడే ఏ ప్లగినూ కొనకండి. పాట చప్పబడటానికి కారణం బహుశా మీరు పెంచిన లౌడ్‌నెస్సే. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ దాదాపు -14 ఎల్‌యుఎఫ్‌ఎస్‌కి తెచ్చి వినిపిస్తుంది. ధ్వని మన చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో కొలిచే యూనిట్ ఇది. మీరు -7 దగ్గర, అంటే అంతకంటే గట్టిగా, మాస్టర్ చేసి పంపితే 7 డెసిబెల్స్ తగ్గించేస్తుంది. వాల్యూమ్ తగ్గితే తగ్గింది, లిమిటర్ కింద నలిగిపోయిన డ్రమ్ దెబ్బ మాత్రం తిరిగి రాదు.

మీరే పరీక్షించి చూడండి. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత వెర్షన్ వేసుకుని, లిమిటర్ ఉన్న ఫైల్‌నీ లేని ఫైల్‌నీ ఒకే లౌడ్‌నెస్‌కి తెచ్చి మార్చి మార్చి వినండి. ఎక్కువ శబ్దం వచ్చేదే బాగుందనిపించడం చెవికి సహజం. ఆ భ్రమను దాటడమే ఈ వృత్తిలో మొదటి పాఠం. ట్రూ పీక్ (ధ్వని తరంగం చేరే అసలు గరిష్ఠ స్థాయి) -1 డెసిబెల్ దాటకుండా చూసుకోండి, అలాగని -14 అంకెను పట్టుకుని కూర్చోనక్కర్లేదు. పాటకు ఏది నప్పితే అదే సరైన స్థాయి.

డబ్బు పెట్టాలనుకుంటే ముందు గదికి పెట్టండి. గోడల మీంచి తిరిగొచ్చే ధ్వని వల్ల బాస్ ఒకచోట ఉబ్బుతుంది, ఇంకోచోట మాయమవుతుంది. వినిపించనిదాన్ని సరిచేయలేం. గది కుదరకపోతే మంచి ఓపెన్ బ్యాక్ (వెనక భాగం మూసేయని) హెడ్‌ఫోన్స్ కొని, బాగా తెలిసిన పాటలు వాటిలో ఎలా వినిపిస్తాయో చెవికి అలవాటు చేసుకోండి.

ఏఐ గురించి టెన్షన్ పడకండి. ల్యాండర్ లాంటి ఆటోమేటిక్ మాస్టరింగ్ సర్వీసులు 2014 నుంచే ఉన్నాయి. డెమోలకు అవి చాలు, ఆ పని మీ దాకా రాకపోవచ్చు. కానీ ‘గొంతులో స కారం గుచ్చుకుంటోంది, మిక్స్‌లోనే తగ్గించి మళ్లీ పంపండి’ అని ఫోన్ చేసి చెప్పేది మనిషే. ఆల్బమ్‌లో పాటల వరుస, మధ్య విరామాలు, సీడీ ఫ్యాక్టరీకి పంపే డీడీపీ మాస్టర్ ఫైల్, ప్రతి రికార్డింగ్‌కీ ఇచ్చే ఐఎస్‌ఆర్‌సీ గుర్తింపు కోడ్‌లు, వినైల్‌కి వేరే మాస్టర్ ఇలాంటివన్నీ నేర్చుకోండి. క్లయింట్లు తిరిగి వచ్చేది ఇవన్నీ చూసుకుంటారన్న నమ్మకంతోనే. అందుకు ఏళ్లు పడుతుంది. ఈలోపు మిక్సింగ్, పాడ్‌కాస్ట్ ఆడియో, పాత టేపుల రిస్టోరేషన్ చేస్తూ ఉండండి. చెవికి సాధన, చేతికి ఆదాయం.

ప్రశ్న: 24 బిట్ ఫైల్‌ను సీడీ కోసం 16 బిట్‌కి మారుస్తుంటే ‘డిథర్’ కావాలా అని అడుగుతోంది. పెట్టాలా?

జవాబు: పెట్టండి. బిట్లు తగ్గించేటప్పుడు వచ్చే వక్రీకరణ వినిపించకుండా కలిపే అతి సన్నని రొదే డిథర్. అన్ని పనులూ అయ్యాక, చిట్టచివర, ఒక్కసారే.