పక్క ఆసుపత్రి వాళ్లతో కూర్చోబోయే ముందు

అమ్మాయ్,

పేషెంట్లను చూసుకునే పద్ధతులు మెరుగుపరచడానికి నాలుగు ఆసుపత్రుల నర్సులను ఒకచోట చేర్చే పని నీ నెత్తిన పెట్టారని విన్నాను. పేషెంట్ల కోసం, స్టాఫ్ కోసం పొద్దున లేస్తే పోటీపడే వాళ్లు కదా, మొదటి మీటింగులో అందరూ నవ్వుతారు, ఎవరూ నోరు విప్పరు. టెన్షన్ పడకు, మేం ఇలా కలిసినప్పుడూ అంతే.

మేం బోల్తాపడింది లెక్కల దగ్గర. యూరిన్ కాథెటర్ (మూత్రం పోవడానికి వేసే గొట్టం) వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు తగ్గిద్దామని ఆరు నెలలు అంకెలు పంపుకుంటే మావి ఘోరంగా, ఇంకో ఆసుపత్రివి బంగారంలా వచ్చాయి. మా వార్డు నర్సుల ముఖాలు మాడిపోయాయి. తీరా చూస్తే మేం ఇన్ఫెక్షన్ల సంఖ్యను పేషెంట్లకు కాథెటర్ ఉన్న రోజులతో భాగిస్తున్నాం, వాళ్లేమో వార్డులో ఉన్న పేషెంట్లందరి రోజులతో, అంటే కాథెటరే లేనివాళ్లను కూడా కలిపి! వాళ్ల మోసం కాదు, మేం ముందు అడక్కపోవడం. అందుకే వెయ్యి కాథెటర్ రోజులకు ఎన్ని ఇన్ఫెక్షన్లు అన్నదే లెక్క అనీ, రోజూ ఏ టైముకు ఎవరు లెక్కపెట్టాలనీ ముందే రాసుకోండి. ఆసుపత్రుల పేర్లకు బదులు కోడ్ నంబర్లు పెట్టు, లేకపోతే ఆ చార్టు మార్కెటింగ్ వాళ్ల చేతికి పోతుంది.

అమెరికాలోని మిచిగన్‌లో 2004లో వందకు పైగా ఐసీయూలు కలిసి చేసింది కూడా ఆకాశాన్నుంచి ఊడిపడ్డ పనేం కాదు. చేతులు కడగడం, సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) వేసేటప్పుడు ఒళ్లంతా కప్పే డ్రేప్, చర్మం శుభ్రం చేసే క్లోర్‌హెక్సిడిన్ మందు, వీలైతే తొడ దగ్గర లైన్ వేయకపోవడం, అక్కర్లేని లైన్ తీసేయడం. మూడు నెలల్లోనే ఆ లైన్ల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ల మీడియన్ (ఐసీయూల అంకెల్లో నడిమిది) లైన్ ఉన్న వెయ్యి రోజులకు 2.7 నుంచి సున్నాకు వచ్చింది.

నువ్వు ఇంకా చిన్నదానితో మొదలుపెట్టు. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) సరిగ్గా పడిందో లేదో గాలి కొట్టి స్టెతస్కోపుతో వింటాం చూడు, నేనూ ఏళ్ల తరబడి అలాగే విన్నాను. ట్యూబ్ ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ బుడబుడ వినిపించొచ్చు. ట్యూబ్‌లోంచి లాగిన ద్రవం పీహెచ్ (ఆమ్లత్వం కొలత, తక్కువుంటే ఆమ్లం ఎక్కువ) 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉందా చూడాలి, అనుమానమొస్తే ఎక్స్‌రే. ఇందులో ఎవరి వ్యాపార రహస్యమూ లేదు. ఒకరు స్టడీలు వెతికితే ఇంకొకరు ప్రోటోకాల్ రాస్తారు, పని సగమవుతుంది. మీ మేనేజ్‌మెంట్ గొణిగితే ఇది చెప్పు: నర్సులు ఎలాగూ ఇక్కడి నుంచి అక్కడికి మారుతూనే ఉంటారు, అన్నిచోట్లా ఒకే పద్ధతి ఉంటే కొత్తగా చేరినవాళ్లకు మళ్లీ మొదటి నుంచి నేర్పక్కర్లేదు.

సూపరింటెండెంట్లను మాత్రమే పిలవకు, నైట్ డ్యూటీ చేసే పిల్లను ఒక్కరినైనా కూర్చోబెట్టు. పీహెచ్ స్ట్రిప్పులు అర్ధరాత్రి ఏ అలమరలో ఉంటాయో, దాని తాళం ఎవరి దగ్గరుంటుందో ఆ పిల్లకే తెలుస్తుంది.