‘కథ వీక్’ అని రాసేముందు

తమ్ముడూ,

ఇటాలియన్ హారర్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ‘విజువల్స్ అదుర్స్, కథలో దమ్ము లేదు’ అన్న మాటనే చివరిదాకా సాగదీశావు. ఏ సీన్లో దమ్ము లేదో చెప్పనంతవరకు అది ఉత్త పెదవి విరుపే.

ఇటాలియన్ దర్శకుడు డారియో అర్జెంటో తీసిన ‘డీప్ రెడ్’ (1975) మళ్లీ చూడు. హత్య జరిగిన ఫ్లాట్‌లోకి హీరో మార్కస్ పరుగెత్తుకొస్తాడు. నడవా గోడల మీద వికృతమైన ముఖాల పెయింటింగులు. తర్వాత వాటిలో ఒకటి మాయమైందని అతనికి అనుమానం. సినిమా అంతా దాని మీదే నడుస్తుంది. (గుట్టు విప్పుతున్నావని పాఠకుడికి ముందే చెప్పు.) అది పెయింటింగు కాదు, అద్దం. అందులో ఉన్నది హత్య చేసిన మనిషి ముఖం. మనమూ చూశాం, పోల్చుకోలేదు. ఆ షాట్‌ను ‘స్టైల్’ ఖాతాలో వేస్తే కథే మిగలదు.

ఏ ప్రింటు చూశావో కూడా రాయి. ఇటాలియన్ ప్రింటు రెండు గంటలు దాటుతుంది. విదేశాలకు పంపినదాంట్లో ఇరవై నిమిషాలకు పైగా ఎగిరిపోయాయి, ముఖ్యంగా మార్కస్‌కూ విలేకరి జానాకూ మధ్య సరసాలు. అది చూసి పాత్రలు పలచన అంటే, తప్పు స్క్రిప్టుది కాదు, కత్తెరది.

‘సస్పీరియా’ (1977)లో డైలాగులు చిన్నపిల్లల మాటల్లా ఉన్నాయన్నావు. నిజమే, కారణం కూడా రాయాలి. అర్జెంటో మొదట అనుకున్నది చిన్నపిల్లలే పాత్రలుగా ఉన్న కథ. పాత్రల వయసులు పెంచారు గాని మాటలు పెద్దగా మార్చలేదు. తలుపుల హ్యాండిల్స్ కూడా కావాలనే ఎత్తులో పెట్టించారు, పెద్దమ్మాయిలు పిల్లల్లా కనబడాలని. ఇక రంగుల గురించి ‘అద్భుతం’ అని ఊరుకోకు. కెమెరామన్ లుచియానో టోవోలి రంగు గుడ్డల గుండా వచ్చే లైట్లను ముఖాలకు బాగా దగ్గరగా పెట్టాడు, అందుకే ఎరుపు చర్మానికి పులిమినట్టుంటుంది. పాఠకుడికి కావలసింది ఈ సంగతి.

అదే సినిమా మధ్యలో ఇద్దరు మేధావులు ఒకరి తర్వాత ఒకరు మంత్రగత్తెల సంగతులు అప్పజెబుతారు. అక్కడ కొట్టు, గట్టిగా కొట్టు. చూపించాల్సింది నోటితో చెప్పేశారు.

బొమ్మ చెప్పినదానికీ నోరు చెప్పినదానికీ తేడా పట్టాలంటే ఒక్కో సీన్‌కు ముందు నీకేం తెలుసు, తర్వాత కొత్తగా ఏం తెలిసింది, రెండూ రాసుకో. తర్వాత సౌండు తీసేసి చూడు. ఆ కొత్త సంగతి అప్పుడూ తెలుస్తోందంటే దాన్ని చెప్పింది బొమ్మే.

‘టెనెబ్రే’ (1982)లో మాత్రం ఈ లెక్క పనిచేయదు. లూమా క్రేన్ (దూరం నుంచే కెమెరాను నడిపించే పొడవాటి క్రేన్) మీద కెమెరా రెండున్నర నిమిషాలు ఇంటి గోడ పాకి, కప్పు దాటి, అవతలికి దిగుతుంది. కథకు దాంతో పనే లేదు, అయినా ఒక్క సెకను తీసేయబుద్ధి కాదు. ఎందుకో నీ వ్యాసంలో రెండు పేరాలు రాసి పంపు.