పాత కంట్రీ పాటల ధ్వనిని కోరుకునే అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన రికార్డింగును శ్రద్ధగా విన్నాను. గొంతు బాగుంది, బాణీ కూడా బాగుంది. కాని పాతకాలపు కంట్రీ పాటలా వినిపించాలని దాని మీద గ్రామఫోను గరగరను కలపడం నాకు నచ్చలేదు. అమెరికా కంట్రీ గాయకుడు హాంక్ విలియమ్స్ రికార్డులు విడుదలైన నాడు సరికొత్తవే, అయినా నీవు కోరుకునే ఆ బెంగ వాటిలో అప్పుడే ఉంది. అది ఎక్కడి నుంచి వస్తుందో ముందు చెవితో పట్టుకో.

1949లో సిన్సినాటిలో ఆయన రికార్డు చేసిన ‘అయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై’ని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని విను. నడక మూడు మాత్రలది, మన తిశ్రానికి దగ్గరది. విడిగా పల్లవి లేదు; నాలుగు చరణాలూ ఒకే బాణీలో సాగి, రెండోది తప్ప తక్కిన చరణాలన్నీ పాట పేరైన మాటతోనే ముగుస్తాయి. డ్రమ్స్ లేవు. అందులో జెర్రీ బర్డ్ వాయించిన స్టీల్ గిటార్ మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టు. ఆ వాద్యంలో తీగను మెట్టు మీద అదిమి పట్టరు. ఎడమచేతిలోని ఉక్కు కడ్డీని తీగలపై ఆనించి జరుపుతారు కనుక స్వరం ఒక చోటి నుంచి మరో చోటికి దూకకుండా జారుతూ వెళుతుంది. జారు గమకం ఎంత పని చేయగలదో సంగీతం నేర్చుకున్న నీకు వేరే చెప్పనక్కరలేదు. హాంక్ సొంత బృందమైన డ్రిఫ్టింగ్ కౌబాయ్స్‌లో స్టీల్ వాయించిన డాన్ హెల్మ్స్ ఎక్కువగా పై స్థాయిలోనే వాయించేవారు. అందువల్ల గాయకుడి గొంతును వాద్యం కప్పివేయదు. నీ పాటలో కీబోర్డు, గొంతు ఒకే స్థాయిలో పోట్లాడుకుంటున్నాయి కాబట్టి కీబోర్డును పూర్తిగా తీసివేయి.

లయకు స్టాండప్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం), ఒక గిటార్ చాలు. మొదటి మాత్రపై బేస్ పలకాలి. తక్కిన రెండింటిపై, అరచేతి అంచును తీగలపై తేలికగా ఆనించి గిటార్‌ను మీటితే, స్వరం దాదాపు అణగిపోయి ‘టక్’ అనే దెబ్బ మాత్రమే మిగులుతుంది. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో ఇన్నేళ్లుగా వాయిస్తున్న నాకు ఇప్పటికీ ఆ దెబ్బంటే ఎంతో ఇష్టం. ఇక, అలబామాలో బాలుడైన హాంక్‌కు గిటార్ నేర్పినది వీధుల్లో పాడే నల్లజాతి సంగీతకారుడు రూఫస్ పేన్. అందువల్ల నల్లజాతివారి బ్లూస్ పాటలు వినకుండా ఈ గానాన్ని సాధించాలనుకోవద్దు.

మాటల విషయంలో మాత్రం కఠినంగా ఉండు. నేను చెప్పిన పాటలో ఒంటరితనాన్ని మోసేవి రాత్రి కూసే పక్షి, అర్ధరాత్రి రైలు, మబ్బు చాటుకు వెళ్లిన చంద్రుడు, రాలే చుక్క; గడిచిన కాలం ఎంత తీయనిదో గాయకుడు ఎక్కడా వివరించడు. నీవేమో ‘ఆ పాత రోజులు’ అని పదేపదే అంటున్నావు. ఆ మాటను అన్నిచోట్లా కొట్టివేయి. అమెరికాలో ఉన్నంత మాత్రాన ఎన్నడూ ఎక్కని గుర్రాలను, చూడని పొలాలను పాటలోకి తేవద్దు. కాజీపేటలో మీ రైల్వే క్వార్టర్ల వెనుక గూడ్సు బండి కదిలేటప్పుడు కప్లింగులు ఒకదాని తరువాత ఒకటి బిగుసుకునే చప్పుడు నీవు విని పెరిగినదే, దాన్ని రాయి.

నీ పాట రెండో చరణం తిరగరాశాక ఒకే మైకు ముందు కూర్చుని పాడు. స్టీల్ వాయించేవారు దొరికేవరకు పాటలోని పాదాల మధ్య చోటును దేనితోనూ నింపకుండా అలాగే ఉంచి, నాకు పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న