నెక్స్ట్ ఆఫ్ కిన్ గడిలో ఎవరి పేరు రాయాలి?

గే వాళ్ళకి పెళ్లి హక్కు ఇవ్వొచ్చా, వాళ్ళని మిలిటరీలో ఉండనిస్తే క్రమశిక్షణ ఏమవుతుంది, సర్వీసు చేసినవాళ్ళు చెప్పండి అని అడిగారు. నేను ఆర్మీలో క్లర్క్‌గా చేసి, హవల్దార్‌గా పెన్షన్ వచ్చినవాణ్ణి. తుపాకీ కంటే ఫైళ్ళే ఎక్కువ మోశాను. రెండు హక్కులూ ఇవ్వాలన్నదే నా జవాబు. మిలిటరీలో వాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు, పక్క మంచం మీదే పడుకున్నారు.

యూనిట్ ఫీల్డ్‌కి కదిలే ముందు ప్రతి జవాను కాగితాలూ సరిచూస్తాం. పెళ్లయిందా, పిల్లలెందరు, అడ్రసు మారిందా, ఏమైనా జరిగితే కబురు ఎవరికి పంపాలి. ఈ చివరిదే నెక్స్ట్ ఆఫ్ కిన్ గడి, అంటే దగ్గరి బంధువు పేరు రాసే చోటు. కశ్మీర్ వైపు కదలబోతున్న రోజుల్లో మన ప్రకాశం జిల్లా కుర్రాడొకడు ఆఫీసు బయట చాలాసేపు తచ్చాడాడు. సిగ్నల్ ప్లాటూన్‌లో ఫోన్ లైన్లు చూసే లైన్‌మన్. మిగతావాళ్ళు లంగర్‌కి భోజనానికి వెళ్ళాక లోపలికొచ్చాడు.

“అన్నా, ఇక్కడ ఫ్రెండ్ పేరు రాయొచ్చా?”

“ఫ్రెండ్ పేరేంట్రా? మీ నాన్న పేరుందిగా.”

“నాన్నకి ఎలాగూ చెబుతారు. నాకేమైనా అయితే అతనికి ఎవరు చెబుతారన్నా?”

తలెత్తి చూస్తే వాడు గోడమీది క్యాలెండర్ వైపు తిరిగి నిలబడ్డాడు. సెలవు శాంక్షన్ అయినా ఇంటికి పోనని మొండికేసేవాడు వీడు. ఊళ్ళో సంబంధాలు చూస్తున్నారట, పోతే తాళి కట్టించి పంపుతారని భయం. నాకు విషయం అర్థమైంది. ఆ గడిలో చుట్టరికం రాయాలి, ఫ్రెండ్ అని రాస్తే పైనుంచి ఎర్ర గీత కొట్టి వెనక్కి పంపుతారని చెప్పాను. నంబరు మాత్రం ఇమ్మని, నా డైరీ వెనక అట్ట మీద పేరు లేకుండా రాసుకున్నాను. ఆ తర్వాత సెలవు కాగితానికో, జీతం లెక్కకో ఆఫీసుకి వచ్చినప్పుడల్లా “నంబరుందా అన్నా?” అని అడిగి పోయేవాడు. లైన్ తెగిందంటే అర్ధరాత్రి మంచులో కూడా వైరు చుట్ట భుజానేసుకుని బయల్దేరే మనిషి. వాడి వల్ల ఏ క్రమశిక్షణా పాడవలేదు.

నా చేత్తో టైపు చేసిన శిక్షల కాగితాల్లో ఎక్కువ భాగం సెలవు దాటి రానివాళ్ళవి, తాగి తన్నుకున్నవాళ్ళవి. క్రమశిక్షణ మీద అంత బెంగ ఉన్నవాళ్ళు ముందు క్యాంటీన్ రమ్ము సంగతి చూడండి. అది మాత్రం ముట్టుకోరు. నా క్యాంటీన్ కార్డు మీద రెండు సీసాలు కావాలని వచ్చే దూరపు చుట్టాలే పండక్కి ఇంట్లో కూర్చుని సైన్యం పరువు గురించి ఉపన్యాసాలిస్తారు.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, గే సంబంధాల్ని నేరంగా చూసిన 377 సెక్షన్‌ని సడలించి, ఇష్టపూర్వకంగా కలిసున్న పెద్దవాళ్ళది నేరం కాదంది. నాలుగు నెలలకే, 2019 జనవరిలో, అప్పటి ఆర్మీ చీఫ్ బిపిన్ రావత్ గారు సైన్యంలో మాత్రం ఇది కుదరదన్నారు. ఆయనంటే నాకు గౌరవమే, ఈ మాట దగ్గర తప్ప. 1950 నాటి ఆర్మీ యాక్టులో 46వ సెక్షన్ ఉంది. అసభ్యమైన, ప్రకృతి విరుద్ధమైన ప్రవర్తనకి ఏడేళ్ళదాకా జైలు. ఆ కత్తి ఇంకా నెత్తిన వేలాడుతూనే ఉంది. బ్రిటన్ 2000లో నిషేధం ఎత్తేసింది, అమెరికా 2011లో ఎత్తేసింది. ఆ సైన్యాలేమీ చెదిరిపోలేదు. దాచుకునేవాణ్ణి బెదిరించి పని చేయించుకోవడం శత్రువుకి తేలిక, దాపరికం లేనివాణ్ణి ఏమని బెదిరిస్తాడు?

ఇక పెళ్లి. టీవీల్లో దీన్ని సంస్కృతి గొడవ చేశారు. ఆఫీసులో కూర్చున్నవాడికి పెళ్లంటే కాగితమే. క్వార్టర్ ఎవరికి, ఆసుపత్రి కార్డులో ఎవరి ఫోటో, పోతే పెన్షన్ ఎవరికి, అన్నీ దాని మీదే నడుస్తాయి. ఆ కాగితం కోసమే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే హైదరాబాద్ జంట సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2023 అక్టోబరు 17న ఐదుగురు జడ్జీలూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. కలిసి బతికే జంటగానైనా గుర్తించమని ఇద్దరన్నారు, ముగ్గురు వద్దన్నారు. ఆ తీర్పు మళ్ళీ చూడమని వేసిన రివ్యూ పిటిషన్లూ 2025 జనవరిలో కొట్టేశారు. చట్టం చేయాల్సింది పార్లమెంటు అని తేల్చారు.

మా లైన్‌మన్ కూడా పెన్షన్ మీద వచ్చేశాడు. హైదరాబాదులో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేస్తూ, ఆ నంబరు మనిషితోనే ఉంటున్నాడు. ఇంటి ఓనరుకి రూమ్‌మేట్లు. ఆ మధ్య గాల్ బ్లాడర్ ఆపరేషన్ పడింది. అడ్మిట్ చేసింది అతనే, మందులకి పరిగెత్తిందీ అతనే. ఫారం మీద సంతకం దగ్గరకొచ్చేసరికి “మీరేమవుతారు?” అన్నారు. రక్తసంబంధీకులు కావాలన్నారు. ఎప్పుడో మాటలు మానేసిన బాబాయి కొడుకు కనిగిరి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి, తెల్లారాక పెట్టాడు సంతకం. పెట్టేముందు బస్సు చార్జీలు అడిగాడు. ఆ ఆసుపత్రి పేరు చెప్పను, ఎక్కడికెళ్ళినా ఇదే తంతు.

“పెళ్లి చేస్తే అన్నీ అవే సర్దుకుంటాయి” అనే పెద్దలకి ఒక్కటి చెప్పాలి. అలా చేసిన పెళ్లిళ్ళు ఫ్యామిలీ క్వార్టర్లలో చూశాను. మొగుడు వరసగా ఫీల్డ్ పోస్టింగులు అడిగి తీసుకుంటాడు, తనలో లోపమేంటో తెలియక ఆ పిల్ల మా ఆవిడ దగ్గర కూర్చుని ఏడ్చేది. ఆ పిల్ల గొంతు కోసిన పాపం ఎవరిది?

ఈలోపు ఇలాంటి జంటలకి నేను చెప్పేది ఒకటే. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ, జాయింట్ అకౌంట్ తెరవడానికీ ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని స్పష్టం చేసింది. బ్యాంకులో కౌంటర్ దగ్గర నసిగితే ఆ ప్రకటన ప్రింటు తీసి చూపించండి. వీలునామా రాసి రిజిస్టర్ చేయించుకోండి, ఇల్లూ డబ్బూ దానితో వెళ్తాయి. ఫ్యామిలీ పెన్షన్‌కి మాత్రం వీలునామా పనికిరాదు. అది భార్యకో భర్తకో, పిల్లలకో, ఆధారపడిన తల్లిదండ్రులకో రూల్ ప్రకారం వెళ్ళేదే తప్ప మనం రాసిచ్చేది కాదు. మావాడి పెన్షన్ మావాడితోనే ఆగిపోతుంది.